రీసెట్ కొట్టే ముందు ఆ ఎర్రలైటు ఏం చెబుతోందో చదవండి

మిషన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, అదే పీఎల్‌సీ, ఆగిపోగానే మన దగ్గర చాలామంది చెయ్యి ముందు కరెంటు తీసే ఎంసీబీ స్విచ్ మీదికే పోతుంది. ఆఫ్ చేస్తారు, కాసేపాగి ఆన్ చేస్తారు. చాలాసార్లు మిషన్ మళ్ళీ నడుస్తుంది కూడా. "సెట్టయిపోయింది సార్" అని ఫోన్ పెట్టేస్తారు. ఆ రాత్రికో మర్నాటి షిఫ్ట్‌కో మళ్ళీ అదే మిషన్, అదే చోట ఆగుతుంది, అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. పైడిభీమవరం నుంచి బొబ్బిలి దాకా, రాజాం నుంచి పలాస దాకా ఏ ప్యానెల్ దగ్గరికి పిలిచినా నేను అడిగే మొదటి మాట "ఆఫ్ చేసేముందు ఏ లైటు వెలిగింది, ఏ కోడ్ వచ్చింది" అని. చాలాచోట్ల జవాబు ఉండదు. రాసుకునేవాళ్ళు తక్కువ, రీసెట్ కొట్టేవాళ్ళు ఎక్కువ.

ఎర్రర్ కోడ్ గురించి ముందు ఒకటి మనసులో పెట్టుకోవాలి. తప్పు ఎక్కడ జరిగిందో అది చెప్పదు, ఆ తప్పు పీఎల్‌సీకి ఎక్కడ తగిలిందో మాత్రమే చెబుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం నడవడమే మన పని. కోడ్ చూసి గూగుల్‌లో వెతికి, అందులో "మాడ్యూల్ ఫాల్ట్" అని ఉంది కదా అని మాడ్యూల్ (పీఎల్‌సీకి తగిలించే కార్డు) మార్చేస్తే వేలల్లో డబ్బు పోతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఎక్కువ ప్యానెళ్ళలో కనబడేది సీమెన్స్ కంపెనీ పీఎల్‌సీ కాబట్టి దానితోనే మొదలుపెడతాను. వాళ్ళ ఎస్7-1200 మోడల్ మీద మూడు లైట్లుంటాయి: రన్/స్టాప్, ఎర్రర్, మెయింట్. రన్/స్టాప్ ఆకుపచ్చగా ఉంటే నడుస్తోంది, పసుపుగా ఉంటే ఆగింది. ఎర్రర్ లైటు ఎర్రగా కొట్టుకుంటోందంటే ఏదో తప్పు దొరికిందని. ఈ లైట్లు తలుపు తట్టడం వరకే. అసలు కథంతా డయాగ్నస్టిక్ బఫర్‌లో, అంటే జరిగినవాటిని పీఎల్‌సీ టైమ్‌తో సహా రాసుకునే చిట్టాలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో సీమెన్స్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో ఆన్‌లైన్ అయి, ఆన్‌లైన్ అండ్ డయాగ్నస్టిక్స్ తెరిస్తే కనబడుతుంది. ఎస్7-1200లో ఆ బఫర్‌కి పట్టేవి 50 ఎంట్రీలే. నిండాక కొత్తది వస్తే పాతది పోతుంది. మీరు ఆఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ పవర్ ఆన్, స్టార్టప్, రన్ అని మళ్ళీ కొన్ని ఎంట్రీలు చేరతాయి. మూడు షిఫ్టుల వాళ్ళూ తలా నాలుగుసార్లు ఆఫ్-ఆన్ చేశారనుకోండి, నేను ల్యాప్‌టాప్ పెట్టేసరికి బఫర్ నిండా వాళ్ళ ఆఫ్-ఆన్‌లే ఉంటాయి. మొదట మిషన్‌ని ఆపిన ఎంట్రీ ఎప్పుడో కిందికి జారి బయటికి పోయి ఉంటుంది. రీసెట్ అంటే నాకు ఇంత పట్టింపు అందుకే.

బఫర్‌లో కొత్తది పైన, పాతది కింద. పైన ఉన్నదాన్నే పట్టుకుని కూర్చోకండి. ఆగిన క్షణం దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి కిందికి చదవండి. ఒకే సెకనులో నాలుగు ఎంట్రీలు పడితే వాటిలో అడుగున ఉన్నదే మొదట జరిగింది, మిగతావి దాని వెనకాల వచ్చినవి. ఇంకో చిన్న విషయం, దీనివల్ల గంటలు గంటలు వృథా అవడం చూశాను: టైమ్. బఫర్‌లో టైమ్ యూటీసీలో (గ్రీన్‌విచ్ టైమ్‌లో) కనబడుతుంటే మన టైమ్‌కి 5 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. ఆపరేటరు "పొద్దున్న 9 గంటలకి ఆగింది సార్" అంటాడు, బఫర్‌లో 3:30 అని ఉంటుంది, "ఇది రాత్రిది, వేరే ఫాల్ట్" అని వదిలేస్తారు. పీసీ లోకల్ టైమ్‌లో చూపించమని బఫర్ స్క్రీన్ మీదే ఒక టిక్ బాక్స్ ఉంది, అది పెట్టుకుంటే చాలు. ఇక సీజన్ అయిపోయాక నెలల తరబడి కరెంటు తీసేసి ఉంచే మిల్లుల్లో అసలు గడియారమే పోతుంది. ఎస్7-1200 గడియారాన్ని కరెంటు లేకుండా నిలబెట్టేది లోపలున్న సూపర్ కెపాసిటర్, అది మామూలుగా 20 రోజులు నిలుస్తుంది. కాబట్టి సీజన్ మొదలుపెట్టే రోజున బాయిలర్ చూసుకున్నట్టే పీఎల్‌సీ టైమ్ కూడా సెట్ చేసుకోండి.

ఇప్పుడు ఒక రైస్ మిల్లు సంగతి. నరసన్నపేట వైపు. సీమెన్స్‌దే పాత ఎస్7-300, దానికి ప్రొఫీబస్ అనే కేబులు లైను (బస్) మీద వరసగా కట్టిన ఆరు స్టేషన్లు, అంటే సెన్సర్లూ మోటార్లూ కలిపే పెట్టెలు, 2 నుంచి 7 దాకా. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సీపీయూ (పీఎల్‌సీలో ప్రోగ్రాం నడిపే భాగం) స్టాప్‌లోకి పోతోంది. తప్పుందని చెప్పే ఎస్ఎఫ్ లైటు ఎర్రగా వెలుగుతోంది, బస్ మీద తప్పని చెప్పే బీఎఫ్ లైటు కొట్టుకుంటోంది. నేను వెళ్ళేసరికి అప్పటికే ఎవరో చూసి సీపీయూ మార్చాలని చెప్పి పోయారు. ఆ మిల్లులో పెద్ద ఫిట్టరు ఒకాయన ఉన్నాడు, బేరింగు చప్పుడు విని ఏ ఎలివేటరుదో చెప్పగలడు. ఆయనకి ఈ పెట్టె మాత్రం కొరుకుడు పడదు. "ఏటి బావూ, సీపీయూ పోయినట్టేనా, సావుకారు సానా కంగారు పడతన్నారు" అన్నాడు. "సీపీయూకి ఏం కాలేదు బాబాయ్, అది చెప్పాల్సింది చెబుతోంది, ఉండండి" అన్నాను.

బఫర్ చూస్తే పైన "ఓబీ86 లోడ్ కాలేదు, అందుకని స్టాప్" అని ఉంది. సీపీయూ మార్చమన్నాయన ఇక్కడే ఆగినట్టున్నారు. దాని కింద స్టేషన్ ఫెయిల్యూర్ ఎంట్రీలు: 5, 6, 7. ఎస్7-300లో ఒక స్టేషన్ బస్ మీద కనబడకుండా పోతే సీపీయూ ఓబీ86 అనే బ్లాకుని పిలుస్తుంది. ప్రోగ్రాంలో ఆ బ్లాకు లేకపోతే స్టాప్‌లోకి పోతుంది. అంటే స్టాప్ అవడం జబ్బు కాదు, ఆ సీపీయూ పద్ధతే అంత.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది, దాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఖాళీ ఓబీ86 ఒకటి రాసి లోడ్ చేసేస్తారు. అప్పుడు సీపీయూ ఆగదు, రన్ లైటు వెలుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. కానీ ఆ స్టేషన్ నుంచి రావాల్సిన ఇన్‌పుట్లన్నీ సున్నాలుగా చదువుకుంటూ ప్రోగ్రాం ముందుకి పోతుంది. ధాన్యం బిన్ నిండింది అని చెప్పే సెన్సర్ నార్మల్లీ ఓపెన్ (నిండినప్పుడే సిగ్నల్ ఇచ్చేది) అయి ఆ స్టేషన్‌కే కట్టి ఉంటే, సున్నా అంటే "ఇంకా నిండలేదు" అనే కదా అర్థం. ఎలివేటరు పోస్తూనే ఉంటుంది, అడుగునున్న బూట్‌లో చోక్ అయ్యి బెల్టు కాలేదాకా. ఓబీ86 రాయాలి, నిజమే, కానీ అందులో ఏ స్టేషన్ పోయిందో చూసి దానికి సంబంధించిన మోటార్లు ఆపే లాజిక్కూ, హెచ్ఎంఐ (ఆపరేటరు చూసే స్క్రీన్) మీద అలారమూ ఉండాలి. ఖాళీ బ్లాకు పెట్టడం కంటే సీపీయూ స్టాప్ అవడమే నయం.

సరే, 5, 6, 7 పోయాయి, 2, 3, 4 బాగున్నాయి. మూడు మాడ్యూళ్ళు ఒకే పొద్దున ఒకేసారి చావవు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏంటి? కేబులు. వరసలో 4 తర్వాత ఏదో తెగింది. మిల్లులంటే ఎలుకలుంటాయి కాబట్టి ముందు ట్రే అంతా చూశాం, కేబులు బాగానే ఉంది. అప్పుడు 4వ స్టేషన్ కనెక్టర్ చూస్తే దాని మీదున్న చిన్న స్విచ్ ఆన్‌లో ఉంది. ప్రొఫీబస్ కనెక్టర్ మీద ఆ స్విచ్ లైను కొసని మూసే టెర్మినేషన్ రెసిస్టర్‌ది, బస్ రెండు కొసల్లో మాత్రమే ఆన్‌లో ఉండాలి. మధ్యలో ఉన్నదాన్ని ఆన్ చేస్తే ఆ కనెక్టర్ నుంచి ముందుకి పోయే కేబులుని అది తెంపేస్తుంది. ముందురోజు ఆదివారం, బ్లోయర్ పెట్టి ప్యానెళ్ళలో తౌడు దుమ్ము దులిపారట, గుడ్డతో తుడిచేటప్పుడు స్విచ్ జరిగింది. ఆఫ్ చెయ్యగానే 5, 6, 7 వచ్చేశాయి. మిల్లు నడిచింది. పెద్ద ఫిట్టరు ఆ స్విచ్‌ని అలా వంగి చూస్తూనే ఉన్నాడు కాసేపు, తర్వాత జేబులోంచి మార్కర్ తీసి దాని పక్కన "ముట్టవద్దు" అని రాశాడు.

మీటర్‌తోనే పసిగట్టే దారి కూడా ఒకటి ఉంది. కరెంటు తీసి, కనెక్టర్లన్నీ పరికరాల్లోంచి పీకి, ప్రొఫీబస్ కేబులులోని ఏ, బీ వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. రెండు కొసల్లోనూ 220 ఓమ్‌ల టెర్మినేషన్ ఉంటుంది కాబట్టి కలిపి సుమారు 110 రావాలి. 220 వచ్చిందంటే ఒక కొస కనబడటం లేదని. బాగా తక్కువ వస్తే ఎక్కడో షార్ట్.

పీఎల్‌సీ, మీటర్లు మాట్లాడుకునే మరో పద్ధతి మోడ్‌బస్. దానిలో కోడ్‌ల సంగతి ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ ఎర్రర్ వచ్చిందంటే సగం శుభవార్త. డ్రయ్యర్ టెంపరేచర్ కంట్రోలరో, ఎనర్జీ మీటరో, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీనో ఆర్ఎస్485 వైర్ల మీద పీఎల్‌సీకి కట్టారనుకోండి. ఎక్సెప్షన్ కోడ్ 02 వచ్చింది. వెంటనే కుర్రాళ్ళు వైర్లు పీకడం మొదలుపెడతారు. ఆగండి. ఎక్సెప్షన్ కోడ్ ఎవరు పంపారు? అవతలున్న మీటరే పంపింది. అది జవాబిచ్చిందంటే వైరు బాగుంది, బాడ్ రేటు (డేటా పోయే వేగం) బాగుంది, పారిటీ (డేటా తప్పులు పట్టే సెట్టింగ్) బాగుంది, స్లేవ్ అడ్రసూ (ఆ మీటరు నంబరూ) సరిగ్గానే ఉంది. "నువ్వడిగిన రిజిస్టర్ (విలువ ఉండే గడి) నా దగ్గర లేదు" అని మాత్రమే అంటోంది. 01 అయితే ఆ ఫంక్షన్ నాకు తెలీదని, 03 అయితే నువ్విచ్చిన విలువ లేదా అడిగిన సంఖ్య ఒప్పుకోనని, 04 అయితే నాలోనే ఏదో తేడా వచ్చిందని. 02కి మామూలు కారణం ఒకటి పక్కకి జరగడం: మాన్యువల్‌లో 40101 అని ఉంటే కొన్ని మాస్టర్లకి (అడిగేవైపు ఉన్న పీఎల్‌సీలకి) 40101 అనే ఇవ్వాలి, కొన్నిటికి 100 అని ఇవ్వాలి, ఎందుకంటే వైరు మీద లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఒకటి తగ్గించి చూడండి, సగం కేసులు అక్కడే తీరతాయి.

అదే టైమ్ అవుట్ వచ్చిందంటే మాత్రం కథ వేరు, అవతలివైపు నుంచి మాటే రాలేదు. అప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి. ఏ, బీ తిరగబడ్డాయేమో చూడండి, ఈ రెండు అక్షరాలనీ కంపెనీకో రకంగా వాడతారు కాబట్టి మార్చి చూడటంలో తప్పులేదు. పారిటీ ఒకవైపు ఈవెన్, ఒకవైపు నన్ ఉందేమో చూడండి. ఒకే స్లేవ్ నంబరు రెండు మీటర్లకి ఉందేమో చూడండి. లైను పొడవైతే రెండు కొసల్లో 120 ఓమ్‌లు ఉన్నాయా? ఆ కేబులు వీఎఫ్‌డీ మోటారు కేబులు పక్కనే అదే ట్రేలో పోతోందా? పోతుంటే ముందు దాన్ని విడదీయండి, మిగతాది తర్వాత.

ప్రెజరు లాంటి కొలతలు తెచ్చే అనలాగ్ ఇన్‌పుట్లలో కనబడే 32767 గురించి కూడా చెప్పాలి. సీమెన్స్‌లో 4-20 మిల్లీ ఆంప్స్ ఇన్‌పుట్‌కి పీఎల్‌సీ లోపలి లెక్కలో 4 అంటే 0, 20 అంటే 27648. ఒకరోజు హెచ్ఎంఐ మీద ప్రెజరు ఉన్నట్టుండి ఆకాశానికి పోతుంది, ఆపరేటరు బెదిరిపోయి బాయిలర్ ఆపేస్తాడు. లోపల చూస్తే 32767. అది నిజంగా ప్రెజరు పెరిగి రావచ్చు, వైరు తెగినా అదే నంబరు వస్తుంది. వైర్ బ్రేక్ డిటెక్షన్ పెట్టి ఉంటే కరెంటు 1.185 మిల్లీ ఆంప్స్ కంటే తగ్గగానే పీఎల్‌సీ 32767 చూపిస్తుంది. స్క్రీన్‌ని నమ్మకుండా లూప్‌లో సీరీస్‌గా మీటర్ పెట్టండి. సున్నా వస్తే వైరు. 20 దాటి 22, 23 అలా ఉంటే ట్రాన్స్‌మిటర్ (ప్రెజరు కొలిచి ఆ కరెంటు పంపేది) లేదా నిజం ప్రెజరు, పక్కనే ఉన్న ముల్లు గేజ్ చూస్తే ఏదో తేలుతుంది. ఆపరేటరు బాయిలర్ ఆపడం మాత్రం సరైన పనే, ఆ విషయంలో ఎవర్నీ తిట్టకండి. మన కోస్తాలో ఉప్పుగాలికి జంక్షన్ బాక్సుల్లో టెర్మినళ్ళు పచ్చబడిపోతాయి, కేబులు లోపలికి పోయేచోట గ్లాండ్ సరిగ్గా బిగించకపోతే రెండు వానాకాలాల్లో లోపలంతా చెమ్మే. కళింగపట్నం, భావనపాడు వైపు బయట పెట్టిన ట్రాన్స్‌మిటర్లయితే వైరు అనుమానంతోనే మొదలుపెట్టండి.

కోడే లేకుండా ఆగే కేసులూ ఉన్నాయి, అన్నిటికంటే విసిగించేవి అవే. బఫర్‌లో తప్పేమీ ఉండదు, పవర్ ఆన్, స్టార్టప్, రన్ అని మాత్రం అనుకోని టైమ్‌లో ఉంటుంది. అంటే సీపీయూకి కరెంటు పోయి వచ్చిందని. ఎస్7-1200కి 24 వోల్టుల సప్లయి 20.4 నుంచి 28.8 మధ్య ఉండాలి. ఆ 24 వోల్టులిచ్చే పెట్టె ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు, సీపీయూ టెర్మినల్ మీదే మీటర్ పెట్టి, మిన్-మ్యాక్స్ మోడ్‌లో ఉంచి, పెద్ద మోటారు స్టార్ట్ చేయించండి. ఊరికే ఉన్నప్పుడు 24.1 చూపించేది స్టార్టింగ్‌లో ఎంతకి పడుతుందో అప్పుడు తెలుస్తుంది. పాతబడ్డ ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. లేదంటే లూజు న్యూట్రల్. లేదంటే సొలినాయిడ్లన్నీ, సీపీయూ అన్నీ ఒకే 24 వోల్టుల మీద ఉండి ఏదో కాయిల్ షార్టవుతోంది.

మిగతా కంపెనీలవి త్వరగా చెప్పేస్తాను. అలెన్ బ్రాడ్లీ లాజిక్స్‌లో మేజర్ ఫాల్ట్ టైప్, కోడ్ అని రెండు నంబర్లిస్తుంది, కంట్రోలర్ ప్రాపర్టీస్‌లో మేజర్ ఫాల్ట్స్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రాం, ఏ రొటీన్ అనేది కూడా చెబుతుంది. టైప్ 4 కోడ్ 20 అంటే అరే (విలువల పట్టీ) ఇండెక్స్ హద్దు దాటింది, పట్టీలో లేని నంబరు అడిగారని. సంవత్సరాల తరబడి నడిచిన మిషన్ ఉన్నట్టుండి ఇది చూపిస్తే ఎవరో హెచ్ఎంఐ మీద లేని రెసిపీ నంబరు కొట్టారేమో అడగండి, తర్వాత ఇండెక్స్ వాడే ముందు హద్దు చూసే రంగ్ (ప్రోగ్రాంలో ఒక లైను) ఒకటి పెట్టండి. టైప్ 6 కోడ్ 1 అయితే వాచ్‌డాగ్, అంటే ప్రోగ్రాం ఒక చుట్టు ఇచ్చిన టైమ్‌లోపల పూర్తవలేదు. ఐఓ (ఇన్‌పుట్-అవుట్‌పుట్) మాడ్యూల్ మీద 16#0204 వస్తే కనెక్షన్ అడిగినా జవాబు రాలేదని, కేబులు, స్విచ్, ఐపీ అడ్రస్ చూసుకోవాలి. మిత్సుబిషి ఎఫ్ఎక్స్‌లో ఎం8067 అనే బిట్ ఆన్ అయితే డి8067 రిజిస్టర్‌లో ఎర్రర్ నంబరు, డి8069లో స్టెప్ నంబరు ఉంటాయి. నేరుగా ఆ స్టెప్‌కి వెళ్ళొచ్చు. 6706 అంటే ఇన్‌స్ట్రక్షన్‌కి ఇచ్చిన డివైస్ నంబరు గానీ విలువ గానీ హద్దులో లేదని. డెల్టాలో ఎం1067, డి1067 దాదాపు ఇదే పద్ధతి. ఆమ్రాన్ సీపీ1లో ఎర్రలైటు నిలకడగా వెలిగితే ఆపేసే తప్పు, కొట్టుకుంటుంటే నడుస్తూ చెప్పే హెచ్చరిక, కోడ్ మెమరీలో ఏ400 అనే చోట ఉంటుంది. 00ఎఫ్7 వస్తే బ్యాటరీ.

బ్యాటరీ దగ్గర కాస్త ఆగుతాను. మిత్సుబిషి ఎఫ్ఎక్స్2ఎన్, ఎఫ్ఎక్స్3యూ లాంటివాటిలో మెమరీ క్యాసెట్ పెట్టకపోతే ప్రోగ్రాం ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు లేనప్పుడు దాన్ని కాపాడేది ఆ చిన్న లిథియం బ్యాటరీయే. బ్యాట్ లైటు వెలిగినా మిషన్ మామూలుగా నడుస్తుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. కరెంటు ఉన్నంతకాలం ఏమీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు, స్తంభాలు వరసగా పడిపోయాయి. అలాంటప్పుడే ఈ లైటు మాట బోధపడుతుంది. బ్యాటరీ అయిపోయిన పీఎల్‌సీ కరెంటు వచ్చాక ఖాళీగా లేస్తుంది, ప్రోగ్రాం ఉండదు. మిషన్ చేసిన కంపెనీ ఎక్కడో కోయంబత్తూరులోనో రాజ్‌కోట్‌లోనో ఉంటుంది, ఒక్కోసారి మూసేసి కూడా ఉంటుంది. బ్యాట్ లైటు వెలిగితే ఆ నెలలోనే మార్చేయండి. ముందు ప్రోగ్రాం అప్‌లోడ్ తీసి పెట్టుకోండి. ఎఫ్ఎక్స్3యూలో పవర్ తీసి, పాత బ్యాటరీ పీకిన 20 సెకన్లలోపు కొత్తది పెట్టాలని మాన్యువల్ చెబుతుంది, కాబట్టి కొత్తది కవర్ విప్పి చేతిలో పట్టుకునే పాతది తీయండి. తుపాను సీజన్ అక్టోబరు, నవంబరులో కాబట్టి ఆగస్టులోనే ఈ లైట్లన్నీ ఒకసారి తిరిగి చూడమని నేను ప్రతి మిల్లులోనూ చెబుతాను.

ఇంకొకటి, ఇది కోడ్‌ల కంటే ముఖ్యం. ఫాల్ట్ క్లియర్ చేసి రన్‌లోకి పెట్టేటప్పుడు కన్వేయర్ దగ్గర, స్క్రూ దగ్గర ఎవరైనా ఉన్నారేమో మీ కళ్ళతో మీరు చూడండి. ఆగిపోయిన మిషన్‌లో ఇరుక్కున్నది తీద్దామని చెయ్యి పెట్టడం మన మిల్లుల్లో మామూలు. ప్రోగ్రాం సరిగ్గా రాయకపోతే రన్ రాగానే పాత కమాండ్‌తో మోటారు తిరిగేస్తుంది. ఎమర్జెన్సీ నొక్కి, మోటారు ఫీడర్ ఐసొలేట్ చేసి, తాళం వేశాకే రీసెట్. సావుకారు వెనకాల నిలబడి తొందరపెట్టినా సరే.

నాకే కాదు, ఎవరికి ఫోన్ చేసినా ముందు ఇవి చేతిలో ఉంచుకోండి: పవర్ తీయకముందు సీపీయూ లైట్ల వీడియో, ఫోటో కాదు, ఎందుకంటే కొట్టుకునే లైటు ఫోటోలో ఆరిపోయినట్టో నిలకడగా వెలిగినట్టో కనబడుతుంది. హెచ్ఎంఐ మీద అలారం పేజీ ఫోటో, టైమ్‌తో సహా. సీపీయూ మీద రాసున్న ఆర్డర్ నంబరు. ఆగినప్పుడు మిషన్ ఏ పని చేస్తోంది, ఏ మోటారు అప్పుడే స్టార్టయింది. ముందురోజు ప్యానెల్‌లో ఎవరైనా చెయ్యి పెట్టారా, దుమ్ము దులపడానికైనా సరే.